రెండు వందల గుడ్లు, యాభై కాయలు: దసలి పట్టుపురుగు ఒక తరం (కేస్ స్టడీ)

దసలి (టసర్) పట్టులో ఒక డీఎఫ్ఎల్‌కు 40 నుంచి 50 కాయలు (పట్టు గూళ్లు) దక్కితే పంట బాగా వచ్చినట్టే లెక్క. డీఎఫ్ఎల్ అంటే రోగం లేదని పరీక్షలో తేలిన ఒక్క తల్లి పురుగు పెట్టిన గుడ్లు, సుమారు 200. అంటే పంట పండిందని సంతోషపడే ఏడాది కూడా నాలుగింట మూడు వంతులు దారిలోనే రాలిపోతున్నాయన్నమాట. ఇక్కడ కేసుగా తీసుకున్నది ఆ ఒక్క తల్లి సంతానాన్ని. కాలం వానాకాలం మొదటి పంట, మేత నల్లమద్ది, ప్రాంతం మంచిర్యాల, భూపాలపల్లి అడవుల అంచు. తేల్చాల్సింది ఒకటే: మిగతా 150 ఏ దశలో పోయాయి, పోయే ముందు ఒంటి మీద ఏ గుర్తు చూపించాయి?

ఒక మాట ముందే చెప్పాలి. రైతుకు పెద్ద పురుగు చచ్చినప్పుడే నష్టం కనిపిస్తుంది. అరచేతి పొడవున్న పురుగు తలకిందులుగా వేలాడుతుంటే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. కానీ ఎక్కువ పురుగులు పోయేది గుడ్డు పగిలిన మొదటి 10, 12 రోజుల్లో, ఒక్కోటి గోరంత కూడా లేనప్పుడు. వాటిని ఎవరూ లెక్కపెట్టరు.

పురుగు పరిచయం

శాస్త్రీయ నామం ఆంథీరియా మైలిట్టా. 1773లో డ్రూరీ వర్ణించిన జాతి ఇది, సాటర్నిడే కుటుంబానికి చెందింది. మల్బరీ పట్టుపురుగులా ఇంట్లో తట్టల్లో పెరగదు. గుడ్డు పగిలిన రోజు నుంచి కాయ కట్టే దాకా చెట్టు మీదే, వానలో, గాలిలో, పిట్టల మధ్య బతుకుతుంది. నల్లమద్ది, తెల్లమద్ది, సాల దీని ప్రధాన మేత చెట్లు. ఒకే జాతి అయినా అడవిని బట్టి రకాలున్నాయి: సింగ్‌భూమ్ డాబా, బస్తర్ రైలీ, ఒడిశా మోడల్, మన ఆంధ్ర లోకల్. ఆంధ్ర లోకల్ ఏడాదికి మూడు తరాలు నడుస్తుంది. కొన్ని రకాలు రెండే, కొన్ని ఒక్కటే. రకాలను కలిపి పెంచకూడదనడానికి కారణం కాయ రంగో పరిమాణమో మాత్రమే కాదు, రోజుల లెక్క. ఒక రకం మూడో జ్వరం (తోలు విడిచే ముందు నిద్ర) లేచేసరికి ఇంకోటి రెండో జ్వరంలో ఉంటుంది. ఈ తేడా ఎందుకు ప్రాణాంతకమో ముందుముందు తెలుస్తుంది.

విత్తన కాయ, తల్లి బయటికొచ్చే రాత్రి

మూడో పంటలో, అంటే చలికాలం మొదట్లో కట్టిన కాయల్లో ప్యూపా (గొంగళి రెక్కల పురుగుగా మారే మధ్య దశ) నిద్రాణస్థితికి వెళ్తుంది. జనవరి నుంచి జూన్ దాకా తిండీ నీళ్లూ లేకుండా కాయలోనే ఉంటుంది. ఈ కాయలను 50 నుంచి 100 దాకా దండ గుచ్చి, తొడిమ పైకి వచ్చేలా గ్రెయినేజ్‌లో, అంటే విత్తన గుడ్లు తయారుచేసే గదిలో, వేలాడదీస్తారు. కుప్పపోయకూడదు. కుప్ప మధ్యలో వేడి పెరిగి ప్యూపా చచ్చిపోతుంది. చావనిది బయటికొచ్చినా రెక్క విప్పుకోవడానికి చోటుండదు.

ఎండాకాలంలో గది వేడెక్కితే రెండు రకాల నష్టం. ఒకటి కంటికి కనిపించేది: ప్యూపా ఎండిపోతుంది, కాయను చెవి దగ్గర పెట్టి ఊపితే ఎండిన గింజలా గలగలమంటుంది. రెండోది కనిపించదు. పురుగు బయటికి బాగానే వస్తుంది, జత కూడా కడుతుంది, గుడ్లు మాత్రం పొదగవు. వేడి దెబ్బకు మగదాని సత్తువ పోయిన ఫలితమది. అందుకే పైకప్పు మీద గడ్డి, కిటికీలకు తడి గోనెసంచులు, రాత్రిపూట కిటికీలు తీసి ఉంచడం. ఇవన్నీ జూన్‌లో పొదిగే శాతం కోసం ఏప్రిల్‌లో చేసే పనులు. ఏప్రిల్, మే నెలల్లో అకాల వాన పడితే కొన్ని తొందరపడి బయటికొచ్చేస్తాయి. అప్పటికి జతా ఉండదు, లేతాకూ ఉండదు. అవి పోయినట్టే.

మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాక, గాలిలో తేమ 70, 80 శాతానికి చేరాక అసలు రాకడ మొదలవుతుంది. సాయంత్రం చీకటి పడే వేళ కాయను గమనించాలి. తొడిమ వైపు కొన మెల్లగా తడిసి రంగు ముదురుతుంది. లోపల పురుగు నోటి దగ్గర నుంచి ఊరే ద్రవంలోని ఎంజైము పోగుల మధ్య జిగురును కరిగిస్తోందని అర్థం. ఆ ఎంజైమును కొకూనేజ్ అంటారు. పోగును కొరకదు, తెంచదు. మెత్తబడ్డ పోగులను తలతో, ముందు కాళ్లతో పక్కకు తోసుకుంటూ వస్తుంది. అప్పుడు చూస్తే లావు పొట్ట, తడి బొచ్చు, ముడతలు పడి చెవుల్లా వేలాడే నాలుగు ముక్కలు. ఇదేనా ఆ రెక్కల పురుగు అనిపిస్తుంది. అది గబగబా పైకి పాకి ఎక్కడో ఒక చోట పట్టు దొరికించుకుని వేలాడుతుంది. రెక్కల నరాల్లోకి ద్రవం దిగి, ఇరవై ముప్పై నిమిషాల్లో రెక్క చాపలా పరచుకుంటుంది. ఆ అరగంటలో వేలాడే చోటు దొరకకపోతే రెక్కలు అలాగే ముడుచుకుని గట్టిపడతాయి. తర్వాత ఏం చేసినా సరికావు. దండ కట్టి వేలాడదీయడంలో ఉన్న మర్మం ఇదే. పైనున్న కాయలే దానికి నిచ్చెన.

తల్లి పురుగు, మగ పురుగు: చూడగానే తేడా

ఆడది పెద్దది, రెక్కలు పరిస్తే 15 సెంటీమీటర్లు దాటుతుంది. రంగు పసుపు, లేదా బూడిద. మగది కొంచెం చిన్నది, ఇటుక రంగు కలిసిన గోధుమ. నాలుగు రెక్కల మీద నాలుగు కళ్లుంటాయి. ప్రతి కంటి నడుమ పొలుసులు లేని చిన్న గుండ్రటి భాగం, అద్దం ముక్కలా. రెక్క వెనక వేలు పెడితే అందులోంచి కనిపిస్తుంది. ముందు రెక్క పై అంచు వెంట బూడిద రంగు పట్టీ ఉంటుంది.

రంగును నమ్ముకుంటే ఒక్కోసారి మోసపోతాం. మీసాలను నమ్మాలి. మగదాని మీసాలు ఈకలా రెండు వైపులా వెడల్పుగా ఉంటాయి, ఆడది వదిలే వాసనను గాలిలో పట్టే పని వాటిదే. ఆడదాని మీసాలు సన్నం. పొట్ట సంగతి చెప్పనక్కర్లేదు, ఆడదానిది గుడ్లతో బిగిసి ఉంటుంది.

రెక్కల పురుగుకు తినే నోరు లేదు. వారం, పది రోజుల బతుకంతా గొంగళి దశలో దాచుకున్న కొవ్వు మీదే నడుస్తుంది. కాబట్టి తల్లి పెట్టే గుడ్ల సంఖ్య, గుడ్డు బలం తేలేది గ్రెయినేజ్‌లో కాదు. అంతకు ముందు పంటలో అది తిన్న ఆకే తేలుస్తుంది.

జత

మగవి సాధారణంగా ముందు వస్తాయి. రాత్రి గడిచేకొద్దీ ఆడవి పొట్ట చివర బయటికి చాపి వాసన వదులుతాయి. జత కట్టడం అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము లోపే ఎక్కువ. గదిలో దీపం ఉండకూడదు, గాలి ఆడాలి, పొద్దున్నే నీళ్లు చిలకరించి చల్లగా ఉంచాలి. జతను కనీసం 4 గంటలు వదిలేయాలి. తొందరపడి ఎండెక్కకముందే విడదీస్తే, గుడ్లు పెడుతుంది గానీ వాటిలో ఫలదీకరణ కానివి పెరుగుతాయి. విడదీసేటప్పుడు లాగకూడదు. ఆడదాన్ని కదలకుండా పట్టుకుని మగదాన్ని పొట్ట దగ్గర మెల్లగా పక్కకు తిప్పితే విడిపోతుంది.

విడదీశాక ఆడదాన్ని వేళ్ల మధ్య కొంచెం పట్టుకుంటే మూత్రం వదిలేస్తుంది. దాన్ని అప్పుడే వదిలించకపోతే అది గుడ్ల మీద పడి అంటుకుంటుంది. తర్వాత రెక్కలు సగం దాకా కత్తిరించి, ఒక్కోదాన్ని ఒక్కో మట్టి మూకుడులో పెట్టి మూత వేస్తారు. రెక్కలు కత్తిరించకపోతే రాత్రంతా కొట్టుకుని ఒంట్లో మిగిలిన సత్తువ దానికే ఖర్చుపెడుతుంది. ఒక మూకుడు, ఒక తల్లి, ఒక నంబరు. ఇద్దరు తల్లులను ఒకే దాంట్లో వేస్తే ఏ గుడ్డు ఎవరిదో తెలియదు, ఇక తర్వాతి పరీక్షకు అర్థమే ఉండదు.

మూడు రాత్రులు, మూడు పొట్లాలు

తల్లి మూడు రాత్రులు గుడ్లు పెడుతుంది. ఎక్కువ భాగం మొదటి రెండు రాత్రుల్లోనే. మూడు రోజులవీ తీసుకుంటారు, ఆ తర్వాతివి వద్దు. తీసుకోవడం వరకు అందరూ చేస్తారు. తప్పు జరిగేది పొట్లం దగ్గర. ఏ రోజు గుడ్లు ఆ రోజే వేరు చేసి, తేదీ రాసి పెట్టాలి. మూడు రోజులవీ ఒకే సంచిలో పోసి లెక్కకు 200 సరిపెట్టేస్తే, తోటలో మూడు వయసుల పురుగులను కలిపి వదిలినట్టే. ఈ కేసులో 150 ఎక్కడ పోయాయన్న ప్రశ్నకు జవాబులో ఒక భాగం ఈ సంచిలోనే ఉంది.

మూడో రోజు తర్వాత తల్లిని పరీక్షిస్తారు. పొట్ట చివరి భాగాన్ని 0.6 శాతం పొటాషియం కార్బొనేట్ ద్రావణంలో నూరి, ఒక చుక్క గాజు పలక మీద వేసి, 600 రెట్లు పెద్దది చేసి చూస్తారు. వెతికేది పెబ్రిన్ అనే రోగం బీజాలను. నొసీమా అనే సూక్ష్మజీవివి అవి, గుండ్రంగా కాదు, కోడిగుడ్డు ఆకారంలో, అద్దంలా మెరుస్తాయి. కొవ్వు చుక్కలూ మెరుస్తాయి గానీ అవి గుండ్రంగా, రకరకాల పరిమాణాల్లో ఉంటాయి. బీజాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒక్క బీజం కనిపించినా ఆ మూకుడులోని గుడ్లన్నీ కాల్చేయాలి. తల్లిని మొదటి రోజే నూరి చూస్తే, తక్కువ మోతాదులో ఉన్న రోగం పట్టుబడకుండా పోతుంది. మూడు రోజులు ఆగితే బీజాలు పెరిగి కంటపడతాయి. ఆగడం బద్ధకం కాదు, పరీక్షలో భాగమే.

పెబ్రిన్ గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, అది తల్లి నుంచి గుడ్డు లోపలికే వెళ్తుంది. గుడ్డు పైన అంటిన మురికిని, వైరస్‌ను కడిగేయొచ్చు. సబ్బు నీళ్లలో కడిగి, 5 శాతం ఫార్మలిన్ ద్రావణంలో 5 నిమిషాలు ఉంచి, పారే నీటిలో జాడించి, నీడలో ఆరబెడితే పై పని అయిపోతుంది. లోపలున్న బీజాన్ని మాత్రం ఏ మందూ కడగలేదు.

గుడ్డు

పెట్టినప్పుడు ముదురు గోధుమ రంగు, జిగురు పూత. కడిగాక అసలు రంగు బయటపడుతుంది, లేత పసుపు లేదా మీగడ రంగు. కోలగా, పైనా కిందా కాస్త నొక్కినట్టు, పొడవు 3 మిల్లీమీటర్లు, వెడల్పు 2.5, బరువు సుమారు 10 మిల్లీగ్రాములు. నడుము చుట్టూ రెండు గోధుమ గీతలు పక్కపక్కన సాగుతాయి, గాజు గోలీకి పట్టీ వేసినట్టు. దసలి గుడ్డును వేరే వాటి నుంచి గుర్తుపట్టడానికి ఈ రెండు గీతలు చాలు.

కడిగాక కూడా గుడ్డు మీద గోధుమ మరకలు మిగిలితే సబ్బు నీళ్ల దగ్గర చేయి సరిగా ఆడలేదని అర్థం. ఫలదీకరణ కానివి నాలుగైదు రోజుల్లో సొట్టపడి ఎండిపోతాయి. అలాంటివి కొన్ని ప్రతి తల్లికీ ఉంటాయి. ఒకే మూకుడులో చాలా ఎక్కువుంటే జత సరిగా కుదరలేదు, లేదా మగదానికి ఎండాకాలం దెబ్బ తగిలింది.

26 నుంచి 30 డిగ్రీల మధ్య, 75 నుంచి 85 శాతం తేమలో 8 నుంచి 10 రోజులకు పొదుగుతాయి. తేమ తగ్గితే లోపల పిల్ల తయారై ఉన్నా పెంకు కొరికి రాలేక చస్తుంది. గుడ్డు విప్పి చూస్తే నల్లటి తల కనిపిస్తుంది. ఇది రోగం కాదు, తేమ లోపం.

మొదటి పన్నెండు రోజులు

పొదగడం తెల్లవారుజామున మొదలై పొద్దెక్కేసరికి చాలావరకు ముగుస్తుంది. పిల్ల పురుగు 7 మిల్లీమీటర్లు, 8 మిల్లీగ్రాములు, మాసిన పసుపు ఒళ్లు, నల్ల తల. రెండు రోజులు ఆకు తిన్నాక ఒళ్లు పచ్చబడుతుంది. రెండో రోజు దాటినా పసుపుగానే ఉందంటే మేయడం లేదనే. ఎందుకు? చాలాసార్లు ఆకు ముదిరినది. కొన నుంచి రెండో మూడో ఆకు కావాలి. అంత చిన్న దవడలకు ముదురాకు అంచు కొరుకుడు పడదు.

పాత పద్ధతిలో గుడ్లను ఆకు దొప్పల్లో పోసి చెట్టుకు గుచ్చేవారు. పగిలిన పురుగు తనంతట తానే కొమ్మ ఎక్కాలి. చీమల వరస దానికంటే ముందే అక్కడికి చేరేది. ఇప్పుడు గుడ్లను ఇంటి లోపలే పొదిగించి, పిల్లల మీద లేత మద్ది కొమ్మ పరుస్తారు. అవి పైకెక్కాక ఆ కొమ్మను తీసుకెళ్లి పొదకు కడతారు. వేలితో, ఈకతో ఏరకూడదు. పొద్దున పది గంటలలోపు అయిపోవాలి, ఎండ తగిలిన పిల్ల కిందికి జారిపోతుంది. ఈ రోజు పగిలినవి ఒక పొద, రేపటివి ఇంకో పొద.

పొద ముందే సిద్ధం చేయాలి. కింద గడ్డి చెక్కి, బ్లీచింగ్ పౌడరు ఒక పాలు, పొడి సున్నం తొమ్మిది పాలు కలిపి చల్లాలి. ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలుంటే గూడు కొమ్మతో సహా తీసి కాల్చాలి. పైన నైలాన్ వల కప్పాలి. రెండో జ్వరం లేచేదాకా వల కిందే ఉంచితే చీమలు, కందిరీగలు, గొల్లభామలు, రసం పీల్చే పెంకినల్లులు చేసే నష్టం బాగా తగ్గుతుంది. వల వేయడం అందరికీ తెలుసు. అంచు మట్టితో మూయడమే మరచిపోతారు, నల్లి అక్కడి నుంచే దూరుతుంది. ఈ నల్లి పురుగు ఒంట్లోకి ముక్కు గుచ్చి పీల్చేస్తుంది. మిగిలేది కొమ్మకు అంటుకున్న ఖాళీ తోలు. ఆ తోలును చూసి వైరస్ అనుకుని మందు వెతికేవాళ్లున్నారు. వైరస్ పురుగు కుళ్లి కారుతుంది, నల్లి పీల్చింది ఎండిపోతుంది.

నాలుగు జ్వరాలు

పురుగు నాలుగు సార్లు తోలు విడుస్తుంది, ఐదు దశల్లో పెరుగుతుంది. తోలు విడిచే ముందు నిద్రను మల్బరీ రైతులు జ్వరం అంటారు, ఇక్కడా ఆ మాటే సులువు. వానాకాలం పంటలో మొత్తం నెల రోజులు అటూఇటూ. చలికాలం మూడో పంటలో 50 రోజులు దాటుతుంది. చిన్న దశలు నాలుగేసి రోజుల్లో అయిపోతాయి, ఐదో దశ ఒక్కటే పది పన్నెండు రోజులు.

జ్వరంలోకి వెళ్లే పురుగు మేత మానుతుంది. కొమ్మ మీద సన్నటి పట్టు చాప అల్లి, దాంట్లో వెనక కాళ్ల గోళ్లు తగిలించి, తల ఎత్తి కదలకుండా కూర్చుంటుంది. దగ్గరగా చూస్తే తల పెంకు వెనక లేత రంగు ఉబ్బు కనిపిస్తుంది. కొత్త తల అక్కడ తయారవుతోంది, పాత తల పెంకు దాని ముందు చిన్న ముసుగులా మిగిలింది. ఒకరోజు పాటు ఇంతే. తోలు వీడాలంటే ఆ చాప పట్టు కదలకూడదు. పాత తోలు కొమ్మకు అతుక్కుని ఉంటేనే పురుగు అందులోంచి ముందుకు జరగగలదు.

ఇప్పుడు మూడు వయసులు కలిసిన పొదను తలచుకోండి. మూడో వంతు ఆకు తినేసి ఆకలి మీదున్నాయి, వాటిని కొత్త పొదకు మార్చక తప్పదు. మూడో వంతు జ్వరంలో ఉన్నాయి, వాటిని కదిపితే చస్తాయి. మిగతావి అప్పుడే జ్వరం లేచాయి, ఒళ్లు ఇంకా మెత్తన. ఏ పని చేసినా ఒక గుంపుకు దెబ్బే. ఆగితే ఆకలికి కొమ్మ దిగి నేల మీద పాకుతాయి, చీమలకు చిక్కుతాయి. మారిస్తే జ్వరంలో ఉన్నవాటి చాప తెగుతుంది. తోలు సగం వీడి నడుముకు బిగుసుకుని చచ్చిన పురుగులు కనిపిస్తే అది రోగం కాదు, మనం కదిపినందుకు.

ఇంకో నష్టం దీనికంటే పెద్దది. పెబ్రిన్ తోటలో చూపించే మొదటి గుర్తు ఎగుడుదిగుడు. ఒకే రోజు పగిలిన పురుగుల్లో కొన్ని మూడో దశకొస్తే కొన్ని రెండులోనే ఆగిపోతాయి, మేత తగ్గుతుంది, జ్వరం ఆలస్యమవుతుంది. ఒకే వయసు పొదలో ఇది వెంటనే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఆ పొదను తీసేసి మిగతా తోటను కాపాడుకోవచ్చు. మూడు రోజుల గుడ్లు కలిపి వదిలిన పొదలో ఎగుడుదిగుడు మొదటి రోజు నుంచే ఉంది. అది రోగం తెచ్చిందో సంచి తెచ్చిందో చెప్పలేం. గుర్తు పట్టేసరికి రెట్టల ద్వారా పక్క పొదలకూ అంటుకుని ఉంటుంది.

పొద మార్చడం ఎప్పుడు? ముప్పాతిక ఆకు అయిపోయినప్పుడు. ఎలా? పురుగును పట్టి లాగకూడదు, పురుగున్న కొమ్మను కత్తిరించి కొత్త పొదకు కట్టాలి. నడుము కింద నాలుగు జతల కండ కాళ్లు, చివర ఒక జత పట్టుకాళ్లు ఉంటాయి. ప్రతి పాదం అంచున కొక్కేలు. బలంగా లాగితే కాలు కొమ్మకే ఉండిపోతుంది, గాయంలోంచి ఆకుపచ్చ రక్తం కారుతుంది. ఆ పురుగు రెండు రోజుల్లో బాక్టీరియా పట్టి పోతుంది.

పెద్ద పురుగు, జబ్బుల రూపం

ఐదో దశ చివరికి పురుగు 13 సెంటీమీటర్లు, 2 సెంటీమీటర్ల పైన లావు, 50 గ్రాముల దాకా బరువు. ఒళ్లు ఆకుపచ్చ, తల గోధుమ, ప్రతి ఖండం మీద వెంట్రుకలు మొలిచిన బుడిపెలు, పక్కల వెండి పూసినట్టు మెరిసే మచ్చలు. పసుపు ఒళ్లవి, నీలం ఒళ్లవి కూడా అక్కడక్కడ వస్తాయి, అవి రోగం కావు. జీవితకాలం తినే ఆకులో ఐదింట నాలుగు వంతులు ఈ ఒక్క దశలోనే తింటుంది.

ఈ దశలో జబ్బును ఒంటి నుంచి, రెట్ట నుంచి చదవాలి. ఆరోగ్యంగా ఉన్న పురుగు రెట్ట ఆరు పలకల గింజలా, విడివిడిగా, గట్టిగా రాలుతుంది. రెట్ట ఉండలు దారానికి గుచ్చిన పూసల్లా ఒకదానికొకటి అంటుకుని వేలాడుతుంటే బాక్టీరియా జబ్బు. మల ద్వారం అంచులు అతుక్కుని మూసుకుపోవడం, లోపలి పేగు బయటికి పొడుచుకురావడం దీని మరో రెండు రూపాలు. వైరస్‌లో పురుగు మేత మాని, ఒళ్లు మెత్తబడి, వెనక పట్టుకాళ్లతో కొమ్మను పట్టుకుని తలకిందులుగా వేలాడి చస్తుంది. ముట్టుకుంటే తోలు చిట్లి దుర్వాసన ద్రవం కారుతుంది. ఆ ద్రవం పడిన ప్రతి ఆకూ విషమే. చేత్తో తీయకూడదు, చీపురు పుల్లలతో పట్టి, సున్నం వేసిన గుంటలో పూడ్చాలి. తీసినవాళ్లు అదే చేత్తో పక్క పొద ముట్టుకోకూడదు. బూజు జబ్బు చలికాలం పంటలో ఎక్కువ, పురుగు గట్టిపడి సుద్దలా అవుతుంది.

ఊజీ ఈగను వేరుగా చెప్పాలి. నాలుగు, ఐదు దశల పురుగు ఒంటి మీద తెల్లగా, ఆవగింజలో సగమంత గుడ్డు అంటిస్తుంది. పిల్ల లోపలికి దూరిన చోట నల్ల మచ్చ మిగులుతుంది. తెల్ల గుడ్డుగా ఉన్నప్పుడే చూసి తీసేస్తే పురుగు బతుకుతుంది. నల్ల మచ్చ పడ్డాక చేసేదేమీ లేదు. అలాంటి పురుగు కాయ కట్టినా లోపల ప్యూపా మిగలదు, ఈగ పిల్ల కాయకు చిల్లు పెట్టి బయటికొస్తుంది.

కాయ

మేత మానిన పురుగు పొట్టలో ఉన్నదంతా విసర్జించి, రెండు మూడు ఆకులను దగ్గరికి లాగి ఉయ్యాల కడుతుంది. తర్వాత కొమ్మ చుట్టూ ఉంగరం, ఉంగరం నుంచి కిందికి తొడిమ, తొడిమ చివర కాయ. ఆకు రాలినా కాయ రాలకుండా ఈ ఉంగరం కాపాడుతుంది. నిద్రాణస్థితిలో ఆరు నెలలు అడవిలో వేలాడాల్సిన జీవి ఇలా కట్టుకోవడం న్యాయమే. గోడ పూర్తయ్యాక లోపల తెల్లటి ద్రవం వదులుతుంది. అందులోని కాల్షియం లవణం పోగుల మధ్య చేరి కాయను రాయిలా చేస్తుంది. రంగు పసుపు, లేదా బూడిద.

కట్టడం మొదలైన నాలుగైదు రోజులు కొమ్మను కదపకూడదు. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలుండే కందిరీగ జాతి పురుగు జాంథోపింప్లా ఈ సమయం కోసమే కాచుకుంటుంది. గోడ ఇంకా పలచగా ఉన్నప్పుడే సూదితో పొడిచి లోపలి పురుగులో గుడ్డు పెడుతుంది. పెద్ద దశ చివర్లో కూడా వల వేయగలిగితే మంచిది. లోపల ప్యూపా కావడానికి వారం పట్టవచ్చు. అంతకుముందే కోస్తే లోపలి మెత్తటి పురుగు అదిరి చస్తుంది, కాయలో నల్లటి నీరు మిగులుతుంది. ఉంగరంతో సహా, కత్తెరతో కోయాలి. తొడిమ తెంపిన కాయను దండ గుచ్చలేం.

200 నుంచి 50కి: ఎక్కడెక్కడ

వరస ఇది. మొదట పొదగని గుడ్లు: వీటి కారణం గ్రెయినేజ్‌లో, ఎండాకాలంలో, జతలో. తర్వాత మొదటి రెండు దశల్లో మాయమయ్యేవి: చీమ, నల్లి, కందిరీగ, జడివాన, ముదురాకు. ఇదే పెద్ద గండి. మూడోది జ్వరాల్లో కదపడం వల్ల పోయేవి, వయసులు కలిసిన చోట మాత్రమే ఇవి ఎక్కువ. నాలుగోది ఐదో దశలో వైరస్, బాక్టీరియా. చివరగా ఊజీ, జాంథోపింప్లా తినేసిన ఖాళీ కాయలు. మొదటి మూడూ మన చేతిలో ఉన్నవి, అవి సరిచేసుకుంటే నాలుగోది కూడా తగ్గుతుంది. ఆకలితో నేల మీద పాకిన పురుగు, ఒకదాని మీద ఒకటి పడి గీరుకున్న పురుగే వైరస్‌కు ముందు చిక్కుతుంది.

కోసిన కాయల్లో బరువున్నవి, గట్టివి, ఊపితే లోపల ప్యూపా ఒక్క ముద్దలా తగిలేవి విత్తనానికి. పలచనివి, చిల్లు పడ్డవి వేరు. చిల్లు పడ్డ కాయ నుంచి పోగు ఏకధాటిగా రాదు, వడికి నూలు తీయాల్సిందే. మొదటి పంట కాయలు నిద్రాణస్థితికి వెళ్లవు, మూడు నాలుగు వారాల్లో రెక్కల పురుగులు వచ్చేస్తాయి. అందుకని వీటిని కోసిన రోజే దండ గుచ్చి వేలాడదీయాలి. సంచిలో నాలుగు రోజులు ఉంచితే ఆ వేడికే రెండో పంట గుడ్లు పాడవుతాయి.